పుస్తకాల సంచి చరిత్ర – అందులో తెలుగు వాచకం చోటు



వేసవి సెలవులు ముగియవస్తున్నాయంటే మన ఇళ్ళన్నిటిలోనూ ఒకే ప్రశ్న తలెత్తుతుంది. పిల్లవాడికి ఈ ఏడు ఎటువంటి సంచి కొనాలి? దుకాణంలో వరుసగా వేలాడుతున్న సంచుల ముందు నిలబడి పిల్లలు పైనున్న బొమ్మను చూస్తారు, మనం ధర చీటీని చూస్తాం. అరలెన్ని ఉన్నాయో, జిప్పు గట్టిదో కాదో కూడా పరీక్షిస్తాం. అందులో ఏయే పుస్తకాలు పెట్టబోతున్నామన్న ఆలోచన మాత్రం ఆ క్షణాన ఎవరికీ రాదు.

కర్ణాటకలోనో, తమిళనాడులోనో, ఒడిశా మహారాష్ట్రలలోనో తరతరాలుగా స్థిరపడిన మనబోటి కుటుంబాలకు అసలు ముఖ్యమైనది ఆ ఆలోచనే. మన పిల్లల సంచిలో పక్కింటి పిల్లల సంచిలో లేని పుస్తకం ఒకటి ఉండాలి. అది తెలుగు వాచకం. సంచులు బరువెక్కాయని అందరూ అంటున్న ఈ రోజులలో ముందుగా బయటికి తీసి పక్కన పెడుతున్నదీ దానినే. ఈ పరిస్థితి ఎట్లా వచ్చిందో తెలియాలంటే పుస్తకాల సంచి చరిత్రను కొంచెం వెనుకనుండి చూడాలి. అది చూసిన తరువాత సంచి కొనే విషయం మాట్లాడుకుందాం.

మన పూర్వపు వీధిబడులలో సంచికి పెద్దగా పని లేదు. ఇందుకు మంచి సాక్ష్యం బళ్ళారి నుండి లభిస్తున్నది. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలలో ఎన్ని దేశీయ పాఠశాలలున్నవో, వాటిలో ఏమి నేర్పుతున్నారో తెలుపవలసిందిగా కలెక్టర్లను కోరాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న సమాధానం వ్రాశాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో వెలువరించిన కాంబెల్ ఇతడే. కనుక చూసిన దానిని అర్థం చేసుకొని వ్రాయగలిగినవాడు.

ఆయన లెక్క ప్రకారం ఆనాటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. ఆ బడులలో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226. మరాఠీ, సంస్కృత బడులు ఇరవై మూడేసి, పారసీ బడులు 21, తమిళ బడులు నాలుగు. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి! ఆ జిల్లాలో అప్పటికి నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేదన్న మాట నిజమే. అయినప్పటికీ, బళ్ళారిలో తెలుగు ఎవరో నిన్నమొన్న మోసుకొచ్చిన భాష అనుకునేవారికి ఈ అంకెలు చూపించవచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి పట్టణం అటు మైసూరులోకి వెళ్ళింది. సరిహద్దు గీత జరిగిందే గాని అక్కడి తెలుగు కుటుంబాలు ఉన్నచోటనే ఉన్నాయి.

కాంబెల్ వర్ణనలో మన ప్రస్తుత విషయానికి పనికివచ్చే భాగం పిల్లల చేతిలోని పరికరాలను గురించినది. అయిదేళ్ళ పిల్లవాడిని విఘ్నేశ్వరుని ఎదుట కూర్చోబెట్టి, పంతులు వేలు పట్టి బియ్యంలో దేవుని పేరు వ్రాయించేవాడు. మన అక్షరాభ్యాసమే అది, నేటికీ మారలేదు. ఆ తరువాత బడిలో నేలమీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ఓనమాలను గుంట ఓనమాలు అని మనం నేటికీ అంటుంటాం. కొంచెం చేయి తిరిగిన తరువాత తాటాకుపై గంటంతోనో, కాగితంపై రెల్లు కలంతోనో వ్రాసేవారు. అయితే ఆ సీమలో ఎక్కువ వాడుకలో ఉన్నవి మరి రెండు. ఒకటి అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్క పలక. దానిని నున్నగా చిత్రిక పట్టి, కొద్దిగా అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తే వ్రాతకు సిద్ధమవుతుంది. రెండవది గుడ్డకు గంజి పట్టించి, పుస్తకం మాదిరి మడతలు మడిచి, బొగ్గూ జిగురూ పూసినది. మన వాళ్ళు కడితం అని పిలిచేది దీనినే. రెండింటిమీదా వ్రాసేది బలపంతోనే. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్తదవుతుంది. బలపం అన్న మాటను కాంబెల్ తన ఇంగ్లీషు నివేదికలో ఉన్నదున్నట్టుగానే వాడాడు.

ఇక్కడ భాషను గురించి చిన్న మాట. ఆ చెక్క పలకకు కాంబెల్ వ్రాసుకున్న పేరు కన్నడంలోని హలగె. తెలుగులో పలక, తమిళంలో పలగై, కన్నడంలో పకారం హకారంగా మారి హలగె. బెంగళూరులోనూ బళ్ళారిలోనూ చదివే మన పిల్లలకు ఈ మూడింటినీ బల్లమీద పక్కపక్కన వ్రాసి చూపండి. పాలు హాలు, పులి హులి, పలక హలగె అని వాళ్ళే వరుస కట్టుకుంటూ పోతారు. రెండు భాషలు రెండు బరువులు కావన్న సంగతి వాళ్ళకు ఒక్క గంటలో తెలిసిపోతుంది.

ఇసుక, మూడడుగుల చెక్క, మడత గుడ్డ. వీటిలో సంచిలో పెట్టి మోయవలసినది ఏదీ లేదు. ఇసుక బడిలోనే ఉంటుంది. చెక్క పలక ఏ సంచిలోనూ పట్టదు. బడి ఉన్న ఊరిలోనే ఇల్లు కనుక, మధ్యలో తిండివేళకు ఇంటికి వెళ్ళి వచ్చేవారు. అన్నపు డబ్బా, నీళ్ళ సీసా మోయవలసిన అవసరం రాలేదు. పద్యాలు, ఎక్కాలు నోటిలోనే ఉండేవి. ఇవి బంగారు రోజులని నేననడం లేదు. ఆ బడులలోకి అందరు పిల్లలూ అడుగుపెట్టలేదు, ఆడపిల్లల సంఖ్య మరీ స్వల్పం. వల్లించిన పద్యాలకు అర్థం తెలియకుండానే పిల్లలు బయటికి వస్తున్నారని కాంబెల్ కూడా ఫిర్యాదు చేశాడు. అయితే మోత మాత్రం లేదు.

ఆ ఇసుక కథ సముద్రం కూడా దాటింది. చెన్నపట్నం ఎగ్మోరులోని బాలుర అనాథ శరణాలయానికి 1789లో అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు, స్థానికుల బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయడం చూసి తన శరణాలయంలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతిని కూడా అక్కడే అమలుచేశాడు. 1797లో లండనులో ఆ ప్రయోగాన్ని గురించి పుస్తకం అచ్చువేశాడు. అది మద్రాసు పద్ధతి అన్న పేరుతో ఇంగ్లండులోని బీదపిల్లల బడులకు ప్రాకింది.

సంచికి పని కల్పించినది అచ్చు పుస్తకం. తెలుగు అచ్చుకు చెన్నపట్నం పెద్ద కేంద్రంగా ఉండేదన్న సంగతి తమిళనాటి తెలుగువారు గర్వంగా చెప్పుకోదగినది. వావిళ్ళవారి ముద్రణాలయం 1854లో అక్కడే మొదలైంది. పుదూరు సీతారామశాస్త్రి రచించిన బాలశిక్ష అక్కడే అచ్చయి, తరువాతి కాలంలో పెద్దబాలశిక్షగా పెరిగి ఇంటింటికీ చేరింది. అక్షరాలు, గుణింతాలు, లెక్కలు, సంవత్సరాల పేర్లు, నీతి వాక్యాలు, భూగోళం అన్నీ ఒకే అట్టల మధ్య ఉండేవి. ఒక పిల్లవాడికి ఒక పుస్తకం. దానికి తోడుగా పలక వచ్చింది. చెక్కచట్రం బిగించిన రాతి పలకలకు మార్కాపురం ప్రసిద్ధి. ఆ పలక చంకన పెట్టుకుంటే జారుతుంది, జారితే పగులుతుంది, పగిలితే ఇంట్లో వీపు పగులుతుంది. కనుక పలకను కాపాడడానికి గుడ్డసంచి పుట్టింది. మన పిల్లల మొదటి సంచి నిజానికి పుస్తకాల సంచి కాదు, పలక సంచి.

నా మాటమీద నమ్మకం లేకపోతే పొరుగు భాషలను అడగండి. ఉత్తర కర్ణాటకలో బడిసంచిని పాటిచీల అంటారు. పాటి అంటే పలక, చీల అంటే సంచి. మహారాష్ట్రలో అది దప్తర్. కచేరీ కాగితాల కట్టకు పారసీలో ఉన్న పేరు బడిపిల్లవాడి వీపు మీదికి వచ్చి చేరింది. షోలాపురంలో మన పద్మశాలీల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే సంచిని మాత్రం దప్తర్ అంటారు, అందులో తప్పేమీ లేదు. ఒడియాలో బస్తాని, హిందీలో బస్తా. మనకు బస్తా అంటే ధాన్యం మూట. ఇప్పటి పిల్లల వీపులను చూస్తే హిందీవారే సరిగ్గా పేరు పెట్టారనిపిస్తుంది. తమిళంలో పుత్తగప్పై.

గుడ్డసంచుల కాలం చాలాకాలం సాగింది. పాత పంట్లాము గుడ్డతోనో, దర్జీ దగ్గర మిగిలిన ముక్కలతోనో అమ్మ కుట్టిన సంచి, భుజానికి అడ్డంగా వేసుకునే ఖాకీ కాన్వాసు సంచి, ఎరువుల బస్తాను ఉతికి కుట్టిన సంచి. తమిళనాడులో బట్టల అంగళ్ళవారు, పెళ్ళివారు ఇచ్చే పసుపు సంచి ఎన్ని వేల మంది పిల్లల చదువును మోసిందో చెప్పలేం. ఆ పసుపు సంచితో పట్నం వస్తే నాటువాడని నవ్విన రోజులు కూడా ఉండేవి. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వమే ప్లాస్టిక్కు సంచులకు బదులుగా 'మీండుం మంజప్పై' అంటూ దానిని తిరిగి పిలిచింది. ఇక కలిగినవారి పిల్లలకు అల్యూమినియం పెట్టె ఉండేది. వానకు పుస్తకాలు తడవవు, ఎక్కి కూర్చోవచ్చు, కోపం వస్తే పక్కవాడి మోకాలికి తగిలించవచ్చు. 1990ల నాటికి నైలాను గుడ్డతో చేసిన, రెండు భుజాలకూ తగిలించుకునే సంచి వీటన్నిటినీ పక్కకు నెట్టింది. తరువాత ప్రభుత్వాలు, నగరపాలక సంస్థలు కూడా సంచిని ఉచితంగా ఇవ్వసాగాయి. తెలుగుతో సహా ఎనిమిది భాషలలో బడులు నడిపిన ముంబయి నగరపాలక సంస్థ తన విద్యార్థులకు ఇచ్చే వస్తువులలో సంచి ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరులో మొదలైన విద్యాకానుకలోనూ సంచి ఉండేది.

రెండు పట్టీల సంచి మంచిదే. బరువు ఒక భుజం మీద కాక వీపు మొత్తం మీద పడుతుంది. దానితోపాటు వచ్చిన చిక్కు ఏమిటంటే, అందులో ఎంతైనా పడుతుంది. చేతిసంచి నిండితే పిల్లవాడు మోయలేనని చెప్పేవాడు. వీపుసంచి నిండితే ముందుకు వంగి నడుస్తాడు, నోరెత్తి చెప్పడు.

ఈ వంగిన నడకను పార్లమెంటు దృష్టికి తెచ్చినవాడు ఒక కథారచయిత. మైసూరులో స్థిరపడిన ఆర్.కె. నారాయణ్ 1986లో రాజ్యసభకు నామినేటయ్యారు. 1989లో తన తొలి ప్రసంగాన్ని దేశ రాజకీయాలకు గాక పిల్లల సంచికి కేటాయించారు. పుస్తకాలు, నోటుపుస్తకాలు మోసి మోసి పిల్లలు గూని వచ్చి, చేతులు ముందుకు వేలాడేసుకొని చింపాంజీలవలె నడుస్తున్నారన్నది ఆయన ఆవేదన. ఆ చర్చ ఫలితంగా 1992 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన సంఘం నియమించింది. 1993 జూలైలో ఆ సంఘం భారం లేని చదువును గురించి నివేదిక ఇచ్చింది.

ఉపాధ్యాయులందరూ చదవవలసిన నివేదిక అది. చిన్నదే, ఒక పూటలో చదవవచ్చు. సంచి బరువు కన్న పెద్ద బరువు పిల్లవాడికి అర్థంకాని చదువు అని అందులో స్పష్టంగా చెప్పారు. పాఠ్యపుస్తకాలను బడి ఆస్తిగా భావించి బడిలోనే ఉంచితే రోజూ ఇంటికీ బడికీ మోయనక్కరలేదని కూడా సూచించారు.

అర్థంకాని చదువు అనగానే తెలుగువారమైన మనకు మరొక పేరు గుర్తుకు రావాలి. ఆ నివేదికకు దాదాపు ఎనభై ఏళ్ళ ముందే, నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో గిడుగు వెంకట రామమూర్తి పంతులు ఇదే మాటను మరొక విధంగా చెప్పారు. ఎవరూ మాట్లాడని గ్రాంథిక భాషలో వాచకాలు పెట్టి పిల్లలను హింసించవద్దని, శిష్టులు మాట్లాడే భాషలోనే పాఠాలుండాలని జీవితమంతా పోరాడారు. ఇందుకోసమే 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకొని పుస్తకాలు తయారుచేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. పర్లాకిమిడి, బరంపురం తెలుగువారిలో అత్యధికులు వెళ్ళలేదు, అక్కడే ఉన్నారు. వారి వారసులకే నేడు ఈ వ్యాసం.

యశ్‌పాల్ నివేదిక చెప్పిన అసలు సంగతి పక్కకు పోయి, తరువాతి చర్చ అంతా కిలోల చుట్టూ తిరిగింది. 2006లో సంచి బరువును పరిమితం చేసే ప్రైవేటు బిల్లు ఒకటి రాజ్యసభలో ప్రవేశించి చట్టం కాకుండానే ఆగింది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం పిల్లవాడి బరువులో పదో వంతుకు మించరాదన్నది. 2017లో తెలంగాణ, 2019లో కర్ణాటక తరగతుల వారీగా పరిమితులు పెట్టాయి. కర్ణాటక నెలకొక శనివారం సంచి లేని రోజు కూడా ప్రకటించింది. 2018 మే నెలలో మద్రాసు ఉన్నత న్యాయస్థానం ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని ఇవ్వరాదని, సంచి బరువు తగ్గించాలని ఆదేశించింది. 2020 నవంబరులో వెలువడిన జాతీయ విధానం ప్రకారం శిశు తరగతులకు సంచే ఉండరాదు, ఒకటి రెండు తరగతులకు 1.6 నుండి 2.2 కిలోలు, పదో తరగతికి 2.5 నుండి 4.5 కిలోలు. తమిళనాడు 2012–13లో చేసిన పని వీటన్నిటికన్న తెలివైనదని నా అభిప్రాయం. ఒకటి నుండి ఎనిమిది వరకు పుస్తకాలను మూడు భాగాలుగా విడగొట్టి, భాగానికి ఒక కాలవ్యవధి కేటాయించింది. ఆ మార్పుకు త్రాసు అవసరం లేదు.

సరే, బరువు తగ్గించమన్నారు. ఏ పుస్తకం తీయాలి? మన కష్టం ఇక్కడే మొదలవుతుంది.

2006లో తమిళనాడు చేసిన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుండి తమిళం తప్పనిసరి అయింది, ఏడాదికొక తరగతి చొప్పున పెరుగుతూ 2015–16కు పదో తరగతికి చేరింది. మొదటి భాగం తమిళం, రెండవది ఇంగ్లీషు, మూడవది ఇతర విషయాలు. మాతృభాష వేరైనవారు కావాలంటే దానిని నాలుగవ భాగంలో ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. అంతకు ముందు మొదటి భాషగా ఉన్న తెలుగు ఆ విధంగా చివరి వరుసలోకి వెళ్ళింది. కర్ణాటకలో 2015 నాటి చట్టం కన్నడాన్ని, మహారాష్ట్రలో 2020 నాటి చట్టం మరాఠీని తప్పనిసరి చేశాయి. ఉన్న ఊరి భాష నేర్వవద్దని మనలో ఎవరూ అనరు. మన పెద్దలు నేర్చారు, కన్నడ తమిళ సాహిత్యాలకు సేవ చేశారు కూడా. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350–ఎ అధికరణం చెబుతూనే ఉన్నది. అయితే 'ఐచ్ఛికం' అన్న మాట చట్టంలో ఒక అర్థంతో ఉంటుంది, వంటింట్లో సంచి సర్దే తల్లి చేతిలో మరొక అర్థంతో ఉంటుంది. మార్కులకు లెక్కలోకి రాని పుస్తకం మొదట సోమవారం నాడు ఆగిపోతుంది, తరువాత వారమంతా ఆగిపోతుంది.

ఒక తల్లి నాతో ఇదే మాట అన్నారు. "అయ్యా, బిడ్డ మోయలేక పోతున్నాడని తెలుగు పుస్తకం ఇంట్లోనే పెట్టేశాం. ఎట్లాగూ ఇంట్లో మాట్లాడతాడు కదా." ఆమెది ప్రేమేగాని నిర్లక్ష్యం కాదు. కాని మాట్లాడే తెలుగు ఎంత ఉన్నా అది వ్రాసే తెలుగు కాదు. వెంటనే ఆ సంచిని తూచి చూద్దామన్నాను. మీరూ చూడవచ్చు, లెక్క పెద్ద కష్టమేమీ కాదు.

సాధారణంగా వాచకం పుట 18 సెంటీమీటర్ల వెడల్పు, 24 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. చదరపు మీటరుకు 80 గ్రాముల కాగితమైతే ఒక్కొక్క కాగితం మూడున్నర గ్రాములు. 120 పుటలంటే 60 కాగితాలు, 210 గ్రాములు. అట్ట కలుపుకున్నా పావుకిలో దాటదు. లీటరు నీళ్ళు పట్టే సీసాలో నీళ్ళే ఒక కిలో, అనగా నాలుగు తెలుగు వాచకాలు. రెండు వందల పుటల నోటుపుస్తకం ఒక్కొక్కటి దాదాపు ఒక వాచకమంత. ఇక దళసరి రబ్బరు దిండ్లు, ఇనుప కడ్డీలు, చక్రాలు ఉన్న సంచి ఖాళీగానే కిలోకు పైగా తూగుతుంది. ఇరవై కిలోల పిల్లవాడు మోయదగినది రెండు కిలోలైతే, సగం సంచే తినేసింది! ఇంతటి బరువులో తెలుగు వాచకాన్ని తీసేసి మిగుల్చుకున్నది పావుకిలో.

కనుక సంచి కొనేటప్పుడు మొదట ఖాళీ సంచిని చేతితో ఎత్తి చూడండి. చిన్న తరగతులకు అరకిలోకు లోపల ఉన్నది చాలు. వీపు కన్న వెడల్పు ఉండరాదు, అడుగుభాగం నడుము దాటి పిరుదులమీద కొట్టుకోరాదు. వచ్చే ఏడుకూ పనికి వస్తుందని పెద్దది కొనడం చొక్కాకు చెల్లుతుంది, సంచికి చెల్లదు. పట్టీలు రెండూ వెడల్పుగా, మెత్తగా, పొడవు సరిచేసుకునేవిగా ఉండాలి. రెండూ తగిలించుకొనే నడవాలని పిల్లలకు చెప్పాలి, ఒకే భుజానికి వేలాడేయడం గొప్ప అనుకునే వయసు వాళ్ళకు తొందరగానే వస్తుంది. బరువైన పుస్తకం వీపుకు ఆనుకొని ఉండాలి, తేలికవి బయటి వైపు. అరలు ఎక్కువైతే మంచిదనుకోకండి. ఖాళీగా ఉన్న ప్రతి అరలోనూ ఏదో ఒకటి వచ్చి చేరుతుంది. వారానికి ఒకసారి సంచి మొత్తం బోర్లించి చూడండి, అందులో దొరికే గోలీలు, విరిగిన స్కేళ్ళు, పాత పరీక్షకాగితాలు మీకే నవ్వు తెప్పిస్తాయి.

బడిలో మంచినీరు నమ్మదగినదైతే అరలీటరు సీసా పంపండి. నమ్మదగినది కాకపోతే, తల్లిదండ్రుల సమావేశంలో మొదట అడగవలసినది అదే. ముంబయి, బరంపురం వంటి వానలు దండిగా కురిసే ఊళ్ళలో ఉన్నవారు పైకప్పు గుడ్డ ఉన్న సంచి చూసుకోవాలి. దళసరి కాన్వాసు తడిస్తే రెండింతలు బరువవుతుంది. జిప్పు తెగితే వీధి చివర చెప్పులు కుట్టే అతను బాగుచేయగల సంచి అయితే మరీ మంచిది.

ఉపాధ్యాయులు చేయగలిగినది కూడా ఉన్నది. స్ప్రింగు త్రాసు ఒకటి తరగతికి తెచ్చి, పిల్లలచేత ఎవరి సంచి వారిచేతనే తూచించండి. గ్రాములు, కిలోలు, కూడికలు, తీసివేతలు అన్నీ తెలుగులోనే జరుగుతాయి. ఏ వస్తువు ఎంత తూగుతున్నదో వాళ్ళే పట్టిక వ్రాసి ఇంటికి తీసుకుపోతారు. మనం చెబితే వినని తల్లిదండ్రులు ఆ కాగితం చూస్తారు.

ఇక మిగిలినది తెలుగు వాచకం ఎక్కడ ఉండాలన్న ప్రశ్న. పుస్తకాలన్నీ బడిలోనే ఉంచాలన్న యశ్‌పాల్ సూచన ఇతర విషయాలకు చక్కగా సరిపోతుంది. మన భాషకు మాత్రం సగమే సరిపోతుంది. బడిలో వారానికి రెండు మూడు గంటలు మాత్రమే తెలుగు ఉన్నచోట, పుస్తకం అక్కడే బీరువాలో ఉండిపోతే నాయనమ్మ దానిని చూడదు, పిల్లవాడు రాత్రి ఆమె పక్కన కూర్చొని కూడబలుక్కుంటూ చదవడం జరగదు. ఇంట్లోనే ఉండిపోతే తరగతిలో పాఠం సాగదు. కావలసినది రెండు ప్రతులు. ఒకటి బడిలో, ఒకటి ఇంట్లో. అప్పుడు సంచిలో తెలుగు బరువు ఒక సన్నని వ్రాతపుస్తకం మాత్రమే.

రెండో ప్రతికి డబ్బు పెట్టనక్కరలేదు. పై తరగతికి వెళ్ళినవారి పుస్తకం చాలు. తెలుగు వాచకాలు మన ప్రాంతాలకు సకాలంలో అందడమే కష్టం కనుక పాతవాటికి విలువ మరీ ఎక్కువ. విద్యాసంవత్సరం చివరి పనిదినాన, పిల్లలు ఆటలకు పరుగెత్తకముందే, వాటిని అడిగి తీసుకోండి. చిరిగిన పుటలకు జిగురు పెట్టి, గోధుమరంగు కాగితంతో అట్టలు వేయించండి. ఆ పని ఐదో తరగతివాళ్ళు ఎంతో ఇష్టంగా చేస్తారు. తరగతి బీరువాలో కింది అర చెమ్మ లాగుతుంది, కనుక పై అరలో నిలువుగా పేర్చి, నడుమ నడుమ ఎండిన వేపాకు వేసి ఉంచండి.